రీస్టార్ట్ చేయకుండా సిస్టమ్‌కు కొత్త ఐపీ అడ్రస్ ఎలా? (ల్యాబ్‌లో పరీక్ష జరుగుతోంది, అర్జెంట్)

ఖమ్మం_ల్యాబ్ · ఉదయం 10:48

అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. తొందరలో ఉన్నాను కాబట్టి నేరుగా విషయానికొస్తున్నా.

పొద్దున కరెంటు ఒక్కసారిగా ఎక్కువై ఆఫీసు గదిలోని రౌటర్ కాలిపోయింది. ల్యాబ్‌లో సిస్టమ్‌లు, వాటి కేబుల్స్ అన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ యూపీఎస్ మీద ఉన్నాయి, వాటికేం కాలేదు. కేబుల్ అబ్బాయి వచ్చి కొత్త రౌటర్ పెట్టి వెళ్లాడు. ఆఫీసులో ఫోన్‌కి వైఫై బ్రహ్మాండంగా వస్తోంది. ల్యాబ్‌లో 32 సిస్టమ్‌లుంటే ఒక్కదానికీ నెట్ లేదు.

సిస్టమ్‌లో చూస్తే 192.168.1.37 అని ఉంది. కొత్త రౌటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.0.1 అని ఉంది. అంటే సిస్టమ్‌లు ఇంకా పాత అడ్రస్‌నే పట్టుకుని కూర్చున్నాయని అర్థమవుతోంది. రీస్టార్ట్ చేస్తే సరిపోతుందేమో. కానీ లోపల పిల్లలు ప్రాక్టికల్ పరీక్ష రాస్తున్నారు. అందరి ముందూ డేటాబేస్ ప్రోగ్రామ్ మై‌ఎస్‌క్యూఎల్ తెరిచి ఉంది. పన్నెండున్నరకు పరీక్ష అవగానే ఫైళ్లన్నీ అప్‌లోడ్ చేయాలి. పిల్లల పని చెడకుండా అడ్రస్ మార్చే దారి ఉందా?

గోదారి_నెట్ · ఉదయం 10:55

మేడమ్ గారూ, కంగారు పడకండి. రీస్టార్ట్ అక్కర్లేదు. విండోస్ కదా? స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, వచ్చిన దాని మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇవ్వండి. నల్ల విండోలో ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి:

ఐపీకాన్ఫిగ్ /రిలీజ్
ఐపీకాన్ఫిగ్ /రెన్యూ

ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలండి. ఐపీకాన్ఫిగ్ అంతా ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండదు. స్లాష్‌కు ముందు ఒక ఖాళీ.

మొదటిది చేతిలో ఉన్న అడ్రస్‌ను వదిలేస్తుంది. రెండోది నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచేవాళ్లెవరని కేకేసి కొత్తది తెచ్చుకుంటుంది. తెరిచి ఉన్న ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. ముందు పరీక్ష రాయని ఖాళీ సిస్టమ్ ఒకదాని మీద చేసి చూసి చెప్పండి.

కొత్తగా_నేర్చుకుంటున్నా · ఉదయం 10:58

పరీక్ష అయ్యాక షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా అదే పని అవుతుంది కదా అన్నా?

గోదారి_నెట్ · ఉదయం 11:03

అనుకున్నంత తేలిగ్గా కాదు తమ్ముడూ. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్‌డౌన్ అన్నప్పుడు లోపలి భాగాన్ని పూర్తిగా ఆపకుండా డిస్క్ మీద దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే లేపుతుంది. అందుకే నెట్‌వర్క్ చిక్కులకు షట్‌డౌన్ కంటే రీస్టార్ట్ నయం. అడ్రస్ ఒక్కటే సమస్య అయినప్పుడు ఆ రెండిటి జోలికీ పోనక్కర్లేదు.

ఖమ్మం_ల్యాబ్ · ఉదయం 11:10

గోదారి గారూ, ధన్యవాదాలు. ఖాళీ సిస్టమ్ మీద చేశాను. 192.168.0.112 వచ్చింది, నెట్ కూడా వచ్చింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. పిల్లల లాగిన్‌లకు అడ్మిన్ హక్కు లేదు. కమాండ్ కొడితే ‘ఎలివేషన్ కావాలి’ అని ఎర్రర్ ఇస్తోంది. రాసుకుంటున్న పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి, ప్రతి సిస్టమ్‌లోనూ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలంటే పరీక్ష సాగదు. అన్నిటికీ ఒకేసారి చేయొచ్చా?

వరంగల్_స్విచ్ · ఉదయం 11:17

మేడం, నేను నెట్‌వర్క్ పనే చేస్త. మీ దగ్గర దీనికి చాలా సులువైన దారి ఉంది, కానీ అసలు ఎందుకిట్లయిందో ముందు చెప్త. అది తెలిస్తే ఇంకోసారి ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

సిస్టమ్‌లకు అడ్రస్‌లు పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటరు. అది ఇచ్చే అడ్రస్ సొంతం కాదు, లీజు. దానికి గడువు ఉంటది. చాలా ఇంటి రౌటర్లల్ల 24 గంటలు, విండోస్ సర్వర్‌ల అయితే మామూలుగ 8 రోజులు. గడువుల సగం అయినంక సిస్టమ్ తనకు అడ్రస్ ఇచ్చిన రౌటర్‌నే నేరుగ అడుగుతది, ‘పొడిగిస్తవా’ అని. జవాబు లేకుంటే అప్పటికి ఊకుంటది. గడువుల 87.5 శాతం దాటినంక మాత్రం ‘ఎవరైనా ఇయ్యుండ్రి’ అని అందర్నీ అడుగుడు మొదలువెడ్తది. 24 గంటల లీజుకు ఆ రెండూ 12వ గంట, 21వ గంట. అంటే మీ సిస్టమ్‌లు వాటంతట అవి మారాలంటే రాత్రి దాకా ఆగాల్సి రావచ్చు.

మరి రౌటర్ మారితే వాటికి తెలువదా అంటే, తెలువది. సిస్టమ్‌కు కనబడేది తన కేబుల్ అవతలి కొస ఒక్కటే. ఆ కొస మీ స్విచ్‌ల ఉంది. స్విచ్ యూపీఎస్ మీద ఆగకుంట నడిచింది, లైటు వెలుగుతనే ఉంది. ఆఫీసు గదిల రౌటర్ కాలిన సంగతి వాటికి ఎట్ల తెలుస్తది? అదే సిస్టమ్ కేబుల్ తీసి పెడితే లింక్ పోయి వచ్చినట్టు విండోస్‌కు తెలుస్తది, వెంటనే తన అడ్రస్ ఇంకా చెల్లుతదా అని నెట్‌వర్క్‌ల అడుగుతది. కొత్త రౌటర్ ‘ఇది మా వరుసది కాదు, చెల్లది’ అంటది. అప్పుడు సిస్టమ్ పాతది ఇడిసిపెట్టి కొత్తది తీసుకుంటది. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అవసరం లేదు.

32 కేబుల్స్ పీకే పని లేదు. స్విచ్ కరెంటు తీసి పది సెకన్లు ఆగి మళ్లీ ఇయ్యుండ్రి. అన్నిటికీ ఒక్కసారే లింక్ పోయి వస్తది.

కానీ చేసే ముందు ఒక్క మాట చెప్పుండ్రి. మై‌ఎస్‌క్యూఎల్ ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమ్‌లనే ఉందా, లేక ల్యాబ్‌ల ఒక సర్వర్ మీద ఉండి పిల్లలు దానికి కనెక్ట్ అయిన్రా? సర్వర్ మీద ఉంటే స్విచ్ ముట్టుకోవద్దు. పిల్లల కనెక్షన్లన్నీ తెగిపోతయ్, కమిట్ కానివి, అంటే పక్కాగ సేవ్ కానివి, వెనక్కి పోతయ్.

ఖమ్మం_ల్యాబ్ · ఉదయం 11:20

ఏ సిస్టమ్‌లో దానికే ఉందండి. లోకల్‌హోస్ట్ అనే కనెక్ట్ అవుతారు.

వరంగల్_స్విచ్ · ఉదయం 11:21

అట్లయితే భయం లేదు. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1. ఆ మాటామంతీ సిస్టమ్ దాటి బయటికే రాదు, కేబుల్‌తో దానికి సంబంధం లేదు. చేసెయ్యుండ్రి.

ఖమ్మం_ల్యాబ్ · ఉదయం 11:44

చేశాను. పిల్లలు తలెత్తి కూడా చూడలేదు! 28 సిస్టమ్‌లకు నిమిషం లోపే 192.168.0 వరుసలో అడ్రస్‌లు వచ్చాయి, నెట్ వచ్చింది. మీకు ఎంత చెప్పినా తక్కువే.

ఒక్క సందేహం. కిటికీ వైపు నాలుగు సిస్టమ్‌లు మళ్లీ 192.168.1 అడ్రస్‌లే తెచ్చుకున్నాయి. వాటిల్లో ఒకటి ఖాళీగా ఉంటే రిలీజ్, రెన్యూ కూడా చేశాను. అయినా 192.168.1.104 వచ్చింది. గేట్‌వే (నెట్‌కు దారి చూపే రౌటర్) 192.168.1.1 అంటోంది. ఆ అడ్రస్ కాలిపోయిన రౌటర్‌ది కదా! అది నా టేబుల్ మీదే ఉంది, వైర్లు కూడా లేవు.

గోదారి_నెట్ · ఉదయం 11:48

మేడమ్ గారూ, ఆ ఖాళీ సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి, ‘డీహెచ్‌సీపీ సర్వర్’ అన్న వరుసలో ఏముందో, ‘లీజ్ ఆబ్టెయిన్డ్’ దగ్గర ఏ టైముందో చెప్పండి. ఐపీ గొడవ వస్తే జనం అడ్రస్ ఒక్కటే చూస్తారండి. ఆ అడ్రస్ ఇచ్చిందెవరో ఈ వరుసే చెబుతుంది. నేనైతే రెన్యూ కొట్టే ముందే దీన్ని చూస్తాను.

ఖమ్మం_ల్యాబ్ · ఉదయం 11:52

డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.1.1. లీజ్ తీసుకున్న టైము ఈరోజే, 11:39.

వరంగల్_స్విచ్ · ఉదయం 11:59

11:39కి కాలిపోయిన రౌటర్ అడ్రస్ ఇయ్యది. మీ కాలేజీల ఇంకో రౌటర్ ఉంది మేడం. ఎవరో గోడ సాకెట్‌కు వైఫై రౌటర్ తగిలిచ్చిన్రు, ఆ కేబుల్ దాని ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) పోర్టుల ఉంది. అది కూడా అడ్రస్‌లు పంచుతుంది.

సిస్టమ్ కొత్తగ అడ్రస్ అడిగినప్పుడు ఆ కేక నెట్‌వర్క్ మొత్తానికి వినబడ్తది. ఇద్దరు పంచేటోళ్లు ఉంటే ఇద్దరూ ‘నేనిస్త’ అంటరు. మామూలుగ సిస్టమ్ ముందుగ వచ్చిన దాన్నే తీసుకుంటది. స్విచ్ ఆపి ఆన్ చేసినప్పుడైతే సిస్టమ్‌లు పాత అడ్రస్ పేరు చెప్పి అడిగినయ్. ఆ నాలుగింటికీ లోగడ అడ్రస్ ఇచ్చింది ఈ రెండో రౌటరే అయి ఉంటది. దాని పట్టికల వాటి లెక్క ఉంది కాబట్టి వెంటనే సరే అన్నది.

దాన్ని పట్టుకునే పద్ధతి చెప్త. ఆ ఖాళీ సిస్టమ్‌ల ఇది నడిపియ్యుండ్రి:

పింగ్ 192.168.1.1 -టీ

జవాబులు ఆగకుంట వస్తుంటయ్. ఇప్పుడు స్విచ్ దగ్గరికి పోయి, పిల్లల సిస్టమ్‌లవి కాకుండ బయటి గదులకు పోయే కేబుల్స్ ఒక్కోటి తీసి పెట్టుండ్రి. ఏది తీసినప్పుడు జవాబు ఆగుతదో ఆ గదిల ఉంది. ఇంకో గుర్తు: ఏఆర్‌పీ -ఏ కొడితే 192.168.1.1 పక్కన దాని మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరానికి తయారీల ఇచ్చిన నంబరు, కనబడ్తది. రౌటర్ స్టిక్కర్ మీద మ్యాక్‌తోని పోల్చి చూడుండ్రి. రెండూ ఒకటే ఉంటయ్, లేకుంటే చివరి అంకె ఒకటి రెండు తేడా ఉంటది.

పలాస_నెట్‌సెంటర్ · మధ్యాహ్నం 12:05

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దండి. నాదీ ఇంచుమించు ఇదే బాధ. నెట్ సెంటర్‌లో సాయంత్రమయ్యేసరికి ఒకట్రెండు సిస్టమ్‌లకు 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రెన్యూ కొడితే చాలాసేపు ఆగి, ‘డీహెచ్‌సీపీ సర్వర్‌ను అందుకోలేకపోయాం’ అంటుంది. పొద్దున్నే అంతా బాగుంటుంది.

గోదారి_నెట్ · మధ్యాహ్నం 12:14

169.254 అన్నది ఎవరూ ఇచ్చిన అడ్రస్ కాదండి. ఎంత అడిగినా ఎవరూ పలక్కపోతే విండోస్ తనకు తానే పెట్టుకునేది. విండోస్ 98 కాలం నుంచీ ఉంది. దాంతో నెట్ రాదు. విండోస్ ప్రతి అయిదు నిమిషాలకూ వెనకాల మళ్లీ అడుగుతూనే ఉంటుంది, అందుకే ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే బాగుపడుతుంది.

పొద్దున బాగుండి సాయంత్రం పాడవుతోందంటే రౌటర్ దగ్గర అడ్రస్‌లు అయిపోతున్నాయని నా అనుమానం. సెంటర్‌కి వచ్చినవాళ్లకి వైఫై పాస్‌వర్డ్ ఇస్తున్నారా? రౌటర్ 100 నుంచి 199 వరకే పంచుతుంటే ఉన్నవి వంద. ఫోన్ పట్టుకొచ్చిన మనిషి పది నిమిషాల్లో వెళ్లిపోయినా, లీజు 24 గంటలైతే ఆ అడ్రస్ రేపటిదాకా ఆయన పేరు మీదే ఉంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ క్లయింట్ లిస్ట్ తెరిచి చూడండి. నిండిపోయి ఉంటే లీజు టైమును రెండు గంటలకు దించండి. పంచే వరుసను 20 నుంచి 250 దాకా పెంచినా మంచిదే.

పలాస_నెట్‌సెంటర్ · మధ్యాహ్నం 12:31

లిస్ట్ చూశానండి. నిండుగా ఉంది, సగానికి పైగా ఫోన్‌లే. లీజు టైము మార్చాను. సాయంత్రం రద్దీలో ఎలా ఉందో చూసి రాస్తాను.

కొత్తగా_నేర్చుకుంటున్నా · మధ్యాహ్నం 12:36

అన్నా, ఒక వెబ్‌సైట్ నా ఐపీని బ్లాక్ చేసింది. రెన్యూ కొడితే పోతుందా? కొట్టి చూస్తే మళ్లీ అదే నంబరు వచ్చింది.

వరంగల్_స్విచ్ · మధ్యాహ్నం 12:45

తమ్మీ, అవి రెండు వేరువేరు అడ్రస్‌లు. నువ్వు రెన్యూ చేసేది ఇంట్ల రౌటర్ నీకిచ్చిన అడ్రస్‌ను. వెబ్‌సైట్‌కు కనబడేది నెట్ కంపెనీ నీ రౌటర్‌కు ఇచ్చిన బయటి అడ్రస్. అది మారాలంటే రౌటర్ సెట్టింగ్స్‌లకు పోయి, వ్యాన్ (బయటి నెట్ కనెక్షన్) పేజీల డిస్‌కనెక్ట్, కనెక్ట్ కొట్టాలె. అప్పుడు కూడా మారుతదని ఖాయంగ చెప్పలేం.

ఆ వ్యాన్ పేజీల అడ్రస్ 100.64 నుంచి 100.127 లోపల ఉంటే నీ రౌటర్‌కు సొంత బయటి అడ్రస్ లేనట్టే. ఒకే బయటి అడ్రస్ వెనక కంపెనీ ఎన్నో ఇండ్లను కూర్చోబెట్టింది. ఆ వరుసను 2012ల అచ్చంగ దీనికోసమే కేటాయించిన్రు. అట్లయితే బ్లాక్ అయ్యేటట్టు చేసింది నీ పక్కింటోళ్లు కూడ అయి ఉండొచ్చు. వెబ్‌సైటోళ్లకు మెయిల్ పెట్టుడే మంచిది.

రెన్యూ కొట్టినా అదే నంబరు వచ్చుడు తప్పు కాదు. అంతకుముందు ఏది ఇచ్చిందో రౌటర్ యాదికి పెట్టుకుని, ఖాళీ ఉంటే మళ్లీ అదే ఇస్తది. 1997 నాటి డీహెచ్‌సీపీ ప్రమాణంల కూడ అట్లనే చెప్పిన్రు.

పెంగ్విన్_ప్రియ · మధ్యాహ్నం 12:52

లినక్స్ వాడేవాళ్లు ఈ చర్చకు వస్తారని రాస్తున్నా. ఉబుంటు డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్ ఉంటుంది కాబట్టి:

ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ అప్ "వైర్డ్ కనెక్షన్ 1"

కోట్స్ మధ్య మీ కనెక్షన్ పేరు పెట్టాలి. సర్వర్‌లో సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ నడుస్తుంటే నెట్‌వర్క్‌సీటీఎల్ రెన్యూ అని, పక్కన కార్డు పేరు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే డీహెచ్‌క్లయింట్ -ఆర్ సలహా పాతది. దాన్ని తయారుచేసిన ఐఎస్‌సీ సంస్థే 2022లో దాని పని ఆపేసింది. కొత్త ఉబుంటులో అది ఉండకపోవచ్చు.

ఒక హెచ్చరిక. దూరంగా ఉన్న మెషీన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వెళ్లి అడ్రస్‌ను రిలీజ్ చేయకండి. మిమ్మల్ని లోపలికి తెచ్చిన దారి అదే. అది తెగితే రెన్యూ కొట్టడానికి మళ్లీ లోపలికి రాలేరు. దూరం నుంచి అయితే రెన్యూ ఒక్కటే చేయండి, అది చేతిలో ఉన్న అడ్రస్‌ను వదలకుండానే పొడిగింపు అడుగుతుంది. విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉండి రిలీజ్ తప్పదంటే రెండు కమాండ్లనూ మధ్యలో && పెట్టి ఒకే వరుసలో కొట్టండి. మీ రిమోట్ డెస్క్‌టాప్ విండో మూసుకుపోయినా రెండో కమాండ్ అక్కడ నడుస్తుంది.

డల్లాస్_సుధ · మధ్యాహ్నం 12:58

మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైఫై పక్కన డీటెయిల్స్, టీసీపీ/ఐపీ. అక్కడ ‘రెన్యూ డీహెచ్‌సీపీ లీజ్’ బటన్ ఉంటుంది. నొక్కితే చాలు.

ఖమ్మం_ల్యాబ్ · మధ్యాహ్నం 1:20

పరీక్ష అయింది. ఫైళ్లన్నీ వెళ్లాయి. నెట్ ఉన్న సిస్టమ్‌ల నుంచి పంపాం, ఆ నాలుగింటివి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కలిపాం.

రెండో రౌటర్ దొరికింది! వరంగల్ గారు చెప్పినట్టే స్టాఫ్ రూమ్ కేబుల్ తీయగానే పింగ్ ఆగిపోయింది. బీరువా వెనక చిన్న వైఫై రౌటర్ ఉంది. ఫోన్‌లకు సిగ్నల్ అందట్లేదని ఎప్పుడో ఎవరో పెట్టించారట. కేబుల్ ల్యాన్ పోర్టులోనే ఉంది. ఇన్నాళ్లూ ఆ కిటికీ వైపు సిస్టమ్‌లకు నెట్ వస్తూ పోతూ ఉండేది. కేబుల్స్ మార్పించాం, క్లిప్పులు కొత్తవి వేయించాం, లాభం లేకపోయింది. అసలు కారణం ఇదేనా?

వరంగల్_స్విచ్ · మధ్యాహ్నం 1:31

ఇదే మేడం. పాత రౌటర్ 192.168.1.1, బీరువా వెనకది కూడ 192.168.1.1. ఇద్దరిదీ ఒకే అడ్రస్, ఒకే వరుస. ఎవరు ఇచ్చినా చూడనికి ఒక్క తీరే ఉంటది కాబట్టి మీకు అనుమానం రాలే. సిస్టమ్ నెట్‌కు పోదామని 192.168.1.1 ఎవరని అడిగితే ఒకసారి పాత రౌటర్ పలికేది, ఒకసారి బీరువా వెనకది. దాని వ్యాన్ పోర్టుల కేబులే లేదు, దాని దగ్గరికి పోయింది అక్కడనే ఆగిపోయేది. ఇయ్యాల కొత్త రౌటర్ వేరే వరుసల ఉండబట్టి అది బయటపడ్డది.

పారేయొద్దు. దాని సెట్టింగ్స్‌ల డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, ల్యాన్ అడ్రస్ 192.168.0.2 పెట్టుండ్రి. కొత్త రౌటర్ ఆ 2ను ఎవరికీ పంచకుండ చూసుకోవాలె. కేబుల్ ల్యాన్ పోర్టుల అట్లనే ఉండనియ్యుండ్రి. అప్పుడది ఉత్త వైఫై పాయింట్‌గ పనిచేస్తది, స్టాఫ్‌కు సిగ్నల్ ఉంటది. తర్వాత ఆ నాలుగింటికీ రిలీజ్, రెన్యూ.

ఇంకొకటి. మీరు లేనప్పుడు ల్యాబ్ చూసే అసిస్టెంట్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇయ్యొద్దు. విండోస్‌ల ‘నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్’ అని ఒక గ్రూప్ ఉంది. ఆయన అకౌంట్‌ను దాంట్ల కలిపితే రిలీజ్, రెన్యూ వరకు చేసుకోగలుగుతడు.

పెంగ్విన్_ప్రియ · మధ్యాహ్నం 1:38

ఆలస్యంగా చూశాను గానీ, కొత్త రౌటర్ ల్యాన్ అడ్రస్‌ను మొదట్లోనే 192.168.1.1కి మార్చి ఉంటే సిస్టమ్‌లకు తేడాయే తెలిసేది కాదు కదా? అడ్రస్‌లు, గేట్‌వే అన్నీ పాతవే సరిపోయేవి. రౌటర్ మార్చినప్పుడు నేనెప్పుడూ ఆ పనే చేస్తాను.

గోదారి_నెట్ · మధ్యాహ్నం 1:45

మామూలుగా అయితే మీరన్నదే సరైన పద్ధతండి ప్రియ గారూ, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ అలా చేసి ఉంటే రెండు 192.168.1.1లు మళ్లీ ఒకే చోట చేరేవి, కిటికీ సిస్టమ్‌ల గోల ఇంకో ఏడాది సాగేది. మేడమ్ గారూ, ఇప్పుడు 192.168.0 లోనే ఉండిపోండి. ల్యాబ్‌లో చేత్తో అడ్రస్ పెట్టినవేవైనా ఉన్నాయా? ప్రింటర్, సీసీ కెమెరా రికార్డర్ లాంటివి? అవి రెన్యూకి లొంగవు, ఎందుకంటే వాటికి లీజే ఉండదు.

ఖమ్మం_ల్యాబ్ · మధ్యాహ్నం 2:10

నాలుగు సిస్టమ్‌లూ దారికొచ్చాయి. స్టాఫ్ రూమ్ వైఫై కూడా మీరు చెప్పినట్టు మార్చాం.

గోదారి గారూ, సరిగ్గా అడిగారు. మార్కుల షీట్ ప్రింట్ ఇస్తే ప్రింటర్ పలకట్లేదు. దానికి 192.168.1.200 అని చేత్తో పెట్టి ఉంది.

గోదారి_నెట్ · మధ్యాహ్నం 2:16

ప్రింటర్ మీదున్న చిన్న స్క్రీన్‌లో నెట్‌వర్క్ మెనూకి వెళ్లి మాన్యువల్ తీసి డీహెచ్‌సీపీ పెట్టండి. రౌటర్ క్లయింట్ లిస్ట్‌లో ప్రింటర్ కనిపిస్తుంది. ‘అడ్రస్ రిజర్వేషన్’ పేజీలో దాని మ్యాక్‌కు 192.168.0.200 రాసి సేవ్ చేసి, ప్రింటర్‌ని ఒక్కసారి ఆపి ఆన్ చేయండి. ఇక రౌటర్ ఎప్పుడూ దానికి అదే ఇస్తుంది. సిస్టమ్‌లలో మాత్రం ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్‌లో పాత అడ్రస్ అలాగే ఉంటుంది. అక్కడ 200 ముందున్న 1ని 0 చేయాలి. ముందు మార్కుల షీట్ ఉన్న సిస్టమ్‌లో మార్చుకోండి, మిగతావి తీరిగ్గా చేసుకోవచ్చు.

ఖమ్మం_ల్యాబ్ · మధ్యాహ్నం 2:41

ప్రింట్లు వస్తున్నాయి. రికార్డర్ అడ్రస్ కూడా చూశాను, అదీ పాత వరుసలోనే ఉంది. కెమెరాలు పెట్టినాయన సాయంత్రం వస్తానన్నారు. ఆయనకు 192.168.0.201 రిజర్వ్ చేయమని రాసి పెట్టాను.